సదరు పంది పక్కకు తిరిగి నిలబడవలెను

కిందటేడు మా గుమ్మికొండ అటవీ పార్కులో సిమెంటు చిరుతపులికి ఎడమ చెవి ఎగిరిపోయింది. అది పోకపోయి ఉంటే ఈ ఏడు మా పందులకు అంత మర్యాద జరిగేది కాదు.

మాది కొండవార ఊరు. కొండ మీద అడవి పందులు, కొండ కింద మొక్కజొన్న. ఈ రెంటి మధ్యా దేవుడు దూరం కాస్త తక్కువ పెట్టాడు. పొత్తులు పాలు పోసుకునే వేళకి పందులు గుంపుగా దిగి, తిన్నంత తిని, తిననిదాన్ని తొక్కి, పొద్దు పొడవకముందే కొండెక్కిపోతాయి. మేం మొర పెట్టుకోగా పెట్టుకోగా కిందటేడు ప్రభుత్వం తుపాకీతో ఒక వేటగాణ్ణి పంపింది. అతను పందిని చూసి పేల్చాడు. పంది తప్పుకుంది. గుండు తిన్నగా పార్కులోకి పోయి, ఆ నెలలోనే రంగులు వేయించి రిబ్బను కత్తిరించిన చిరుతపులి చెవిని తీసుకుపోయింది.

మా పంటలు పోయినప్పుడు ఓర్చుకున్న ప్రభుత్వం చిరుత చెవి పోయేసరికి ఓర్చుకోలేకపోయింది. విచారణ జరిపించారు. తప్పు వేటగాడిది కాదు, పందిది కాదు, చిరుతది అసలే కాదు, తూటాది అని తేలింది. దాని మీద ఈ ఏడు ఒక ఉత్తర్వు వచ్చింది. "కచ్చితత్వము నిర్ధారణ కాని ఏ తూటానూ ఏ పందిపైననూ ప్రయోగించరాదు" అని.

ఆ మాట విని, ఇక గుండు పందికే తగులుతుందని ఊళ్ళో అందరికన్నా సంతోషించింది మా చెల్లెలు పైడమ్మ. మా బావ పోయాక కొండకి ఆనుకున్న ఎకరన్నర ఆమే చేసుకుంటోంది. వరసగా రెండేళ్ళు పంట పందుల పాలైంది. ఈ ఏడు విత్తనం వేసిన రోజునే నాతో చెప్పేసింది.

"ఇదే ఆకరు అన్నియ్యా. ఈపాలి కూడా పోయిందంటే నీలగిరి మొక్కలు పాతీసి, రొయ్యల కంపెనీ బస్సెక్కీడమే."

ఆ బస్సు నాకు తెలుసు. మా వీధి ఆడవాళ్ళు కొందరు వెళ్తున్నారు. పగలంతా ఐసు మీద చేతులు పెట్టి రొయ్యలు వలిచి, ఇంటికొచ్చాక అన్నం ముద్ద వేళ్ళకి తెలియడం లేదంటారు. పైడమ్మకి పొలమంటే ప్రాణం. ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. పొలాన్ని తిట్టే తిట్లు వింటే తెలిసిపోతుంది.

నా బాధ ఇంకొకటి. మా ఇలవేల్పు సింహాద్రి అప్పన్న. వరాహ రూపం ఎత్తిన స్వామి. పొద్దున్నే ఆయనకి దీపం పెట్టి, పదిగంటలకి పందిని కాల్చమని అర్జీ పెట్టడం నాకు మింగుడు పడలేదు. మా గుడి ఆచారిగారిని అడిగాను.

"స్వామి భూమిని కోర మీద పైకెత్తాడయ్యా" అన్నారాయన. "ఇవి భూమిని కోరతో తవ్వి పోస్తున్నాయి. ఆ మాత్రం తేడా లేదూ?"

తేడా ఉంది. అయినా స్వామి నీళ్ళలోంచి భూమిని ఎత్తుతున్నప్పుడు పక్కనే ఎవరిదైనా మొక్కజొన్న ఉంటే ఏం చేసేవాడో అనిపించింది. పెద్దవారిని రెండో ప్రశ్న అడగకూడదని ఊరుకున్నాను.

పైరు పూత మీద ఉండగా మిషన్ వచ్చింది. మనిషి కాదు, యంత్రమూ కాదు. "కచ్చితత్వ పంట రక్షణ మిషన్" అని బోర్డు, దాని వెనక ఒక జీపు, జీపులో ప్రత్యేకాధికారి చిదంబరరావుగారు. రైతు సేవా కేంద్రం ముందు షామియానా వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు.

"రైతు సోదరులారా!" అన్నారు చిదంబరరావుగారు. "ఇంతవరకు మనము పందిని కేంద్రబిందువుగా చేసుకుని ఆలోచించితిమి. అందువల్లనే విఫలమైతిమి. ఇకమీదట తూటాను కేంద్రబిందువుగా చేసుకొనవలసి యున్నది."

"ఎప్పుడు కాలుస్తారు బాబూ?" అంది పైడమ్మ వెనక నుంచి.

"అమ్మా, కాల్చుట అనునది ప్రక్రియలో చివరి అంశము. తొందరపడి చివరి అంశమును ముందు చేసినందువల్లనే సదరు చిరుతకు సదరు చెవి పోయినది."

తర్వాత తన పక్కనున్న పెద్దమనిషిని చూపించారు. దాట్ల సోమరాజుగారు. చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, జేబులో భూతద్దం. ఆయన దగ్గర చిన్న గుండు వేసే రైఫిలు ఉంది. దానికి కావలసిన తూటాలు బజారులో కొనడం ఆయనకి నచ్చదు. ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకుని, తన తూటా తనే కూర్చుకుంటారు. పోటీల్లో కాగితాల మీద కాల్చి చాలా పతకాలు గెలిచారని చెప్పారు. ప్రాణమున్న దేన్నైనా కాల్చారా అని మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మిషన్ ట్రావెలర్స్ బంగళాలో దిగింది. బంగళా మా చేల చివరే. అందులో వెనక గది రాజుగారికి ఇచ్చారు. పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఒకరోజు నేనూ పైడమ్మా వెళ్ళాం. చెప్పులు బయట విడవమన్నారు. కాళ్ళు కడుక్కోమన్నారు. లోపల ఫ్యాను ఆపేసి ఉంది. తలుపు లోపలగా నిలబడి చూస్తే నాకు మా అమ్మ మడి కట్టుకుని వ్రతం వంట చేయడం గుర్తొచ్చింది.

తూటా అంటే నేను ఒకే వస్తువనుకున్నాను. కాదట. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతి మీద గుండు. వీటిని రాజుగారు విడివిడిగా తుడిచి, కొలిచి, తూచి, సంతృప్తి లేక మళ్ళీ తూచి కూరుస్తున్నారు. మందు తూచే త్రాసుకి అద్దాల పెట్టె ఉంది. ఒక పలుకు ఎక్కువైతే పటకారుతో తీస్తారు. తీశాక తక్కువైందని దిగులుపడతారు.

"ఒక తూటాకీ ఇంకో తూటాకీ తేడా ఉండకూడదు నాయుడూ" అన్నారు నాతో, త్రాసు మీంచి కన్ను తీయకుండా. "కవలపిల్లల్లా ఉండాలి. అప్పుడే గుండు చెప్పినచోటికి వెళ్తుంది."

"ఎన్నయ్యాయి బాబూ?" అంది పైడమ్మ.

"రెండు కుదిరేవే. ఇందాక మీరు లోపలికి వచ్చారు కదా, ఆ చీరకొంగు గాలికి త్రాసు కదిలింది. ఇవాళ్టికి ఇంతే."

బయటికొచ్చాక పైడమ్మ అంది. "పొంగలి వండినట్టు వండుతన్నాడు. ఎవులికి పెడతాడో మరి."

పొత్తులు గింజ కట్టడం మొదలయ్యేసరికి రాజుగారి తూటాలు ఒక డబ్బా అయ్యాయి. ఇక కాలుస్తారని ఊరంతా బంగళా దగ్గర మూగింది. అప్పుడు చిదంబరరావుగారు ఉత్తర్వు తీసి చదివారు. కచ్చితత్వం నిర్ధారణ అయిన తూటానే కాల్చాలి కదా. నిర్ధారణ ఎలా? కాల్చి చూడడం ఒక్కటే మార్గం. అందుచేత ముందు తూటాలన్నిటినీ గురిపలక మీద కాల్చారు. దెబ్బలన్నీ ఒకేచోట పడ్డాయి. చిల్లులన్నీ కలిపి మా ఆచారిగారి కుంకుమ బొట్టు కింద దాగిపోతాయి. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అంత నికార్సైన పని చూస్తే చేతులు ఆగవు.

"తూటాలన్నీ నిర్ధారణ అయినవి!" అన్నారు చిదంబరరావుగారు.

"అయితే ఇప్పుడు పందిని కాల్చండి" అన్నాను.

ఆయన డబ్బాలోకి చూశారు. ఖాళీ తొడుగులు ఉన్నాయి.

"నిర్ధారణ అయిన తూటాలు ఇవేనండి" అన్నారు రాజుగారు కొంచెం ఇబ్బందిగా.

ఈ చిక్కు విడదీయడానికి పై ఆఫీసుకి రాశారు. జవాబు వచ్చేలోగా పందులు రెండుసార్లు దిగి పైడమ్మ చేను కొండవైపు అంచంతా మేసిపోయాయి. ఆమె మంచె మీద కూర్చుని డబ్బా వాయిస్తూ, పందుల్నీ మిషన్నీ కలిపి ఒకే తిట్టు తిట్టింది. జవాబు వచ్చింది. కవల తూటాల్లో ఒకదాన్ని కాల్చి చూడాలి, అది కచ్చితమైతే రెండోది కూడా కచ్చితమైనట్టు భావించాలి. మంచి మాటే. రాజుగారు మళ్ళీ కాళ్ళు కడుక్కుని, ఫ్యాను ఆపి కూర్చున్నారు.

ఈసారి గురిపలక మీద పంది బొమ్మ వేయించారు. మా ఊరి పెయింటరు పక్కకు తిరిగి నిలబడిన పందిని వేశాడు, చక్కగా తలెత్తి, బస్సు కోసం చూస్తున్నట్టు. అదే నమూనా పంది అన్నారు. తూటాలన్నీ ఆ భంగిమకీ ఆ దూరానికీ సరిపోయేలా కూర్చారు. కవలల్లో ఒకటి కాల్చారు. బొమ్మపంది చెవి కింద బొట్టు పెట్టినట్టు తగిలింది.

ఆ సాయంత్రం రాజుగారు రైఫిలు పట్టుకుని పైడమ్మ చేనుగట్టు మీద పడుకున్నారు. ఎదురుగా పందులు దిగాయి. నేను ఊపిరి బిగబట్టి, మనసులో అప్పన్నకి క్షమాపణ చెప్పుకుని చెవులు మూసుకున్నాను. చప్పుడు లేదు. మూసుకునే ఉన్నాను. చప్పుడు లేదు. కళ్ళు తెరిచి చూస్తే రాజుగారు రైఫిలు తుడిచి సంచిలో పెడుతున్నారు.

"ఏమైందండీ?"

"అవి నడుస్తున్నాయి" అన్నారాయన.

"పందులు కదండీ."

"ఒక్కటీ పక్కకు తిరగదే! ఒకటి ముఖం చూపిస్తుంది, ఒకటి వెనకభాగం చూపిస్తుంది. దూరం కూడా ఒకటి కాదు. ఈ తూటా అలాంటి వాటికోసం కూర్చినది కాదు నాయుడూ. ఇలాంటి తూటాని అలాంటి పంది మీద పారేయడానికి నాకు మనసొప్పదు."

మర్నాడు చిదంబరరావుగారు నన్నూ పైడమ్మనీ బంగళాకి పిలిపించారు.

"పరిశీలించగా లోపము తూటాయందు లేదు. పందియందున్నది. సదరు పందికి నిలకడ లేదు. అందుచేత సదరు పంది నిర్ణీత దూరమున పక్కకు తిరిగి నిలబడవలెను. దానికి తగు ఏర్పాటు చేయుచున్నాము."

"పందికి మీరు సెప్తారా బాబూ, నన్ను సెప్పమంటారా?" అంది పైడమ్మ.

"మేత ద్వారా తెలియజేయబడును" అన్నారాయన.

బంగళా వెనక పెరట్లో పొడుగాటి సిమెంటు తొట్టి కట్టించారు. గోడకి ఆనించి, ఒకవైపు నుంచే నోరు పెట్టేలా కట్టారు. మేత తొట్టి పొడవునా సన్నగా పోస్తారు. పంది దాని వెంట పక్కవాటుగా నడుస్తూ తినాలి. రైఫిలుండే అరుగు నుంచి చూస్తే అచ్చం నమూనా పందే. ఆలోచన బాగానే ఉందనుకున్నాను. మేత ఏమిటన్నదే తేలాలి.

"వాటికి పరిచయమున్న మేతయే కావలెను" అన్నారు చిదంబరరావుగారు. "లేత మొక్కజొన్న పొత్తులు. అదియు స్థానికమైనవి. అదియు మిషన్ రక్షణలోనున్న చేనువి."

మిషన్ రక్షణలో ఉన్న చేను ఒక్కటే, రాజుగారు రైఫిలుతో పడుకున్నది. పైడమ్మది.

పొత్తులు విరవడానికి మనుషులు వచ్చినప్పుడు పైడమ్మ గట్టు మీద కొడవలి పట్టుకుని నిలబడింది.

"నా సేన్లో పందులు తినకుండా సూడండ్రా అంటే, నా సేను కోసికెల్లి పందులకెడతారా?"

"అమ్మా, అర్థము చేసుకొనవలెను" అన్నారు చిదంబరరావుగారు. "పంది వచ్చి తినిన, అది నష్టము. మేము తీసుకెళ్ళి పెట్టిన, అది రక్షణ."

"తినీది పందే గదా!"

"తినుట ఒకటే. పద్దు వేరు."

నేను మధ్యలో పడి చెల్లెల్ని సముదాయించాను. ఒక్క పంది పడితే మిగతావి బెదిరి కొండెక్కిపోతాయి, గంపెడు పొత్తులు పోతే పోయాయి, మిగిలిన చేను దక్కుతుంది అని చెప్పాను. ఆమె నా ముఖం చూసి కొడవలి దించింది. నా మాట మీద దించింది. ఆ సంగతి ఆ తర్వాత నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

పందులు తొట్టికి అలవాటు పడ్డాయి. చేలల్లో తిట్లు, డబ్బాల మోత, కుక్కలు ఉంటాయి. ఇక్కడ విరిచిన పొత్తు, కడిగిన తొట్టి, చల్లటి నీడ. రోజూ సాయంత్రం నాలుగింటికల్లా కొండ దిగి, తొట్టి పక్కన వరసగా పక్కకు తిరిగి నిలబడడం నేర్చుకున్నాయి. పెద్దది ముందు, పిల్లలు వెనక. మా రేషను షాపు దగ్గర మేం అలా నిలబడగా నేను చూడలేదు.

రాజుగారు అరుగు మీద పడుకుని రోజూ గురి చూసేవారు. రోజూ లేచిపోయేవారు. ఒకరోజు గాలి. ఒకరోజు ఎండ కళ్ళలో పడింది. ఒకరోజు అన్నీ కుదిరాయి కాని పంది నములుతోంది.

"నమిలితే చెవి కదులుతుంది" అన్నారు. "బొమ్మపంది నమలలేదు కదా."

"తూటా తగిలితే మానేస్తుందండి" అన్నాను.

ఆయన నా వంక బాధగా చూశారు. "నువ్వు దేవుడి పటం ముందు ఊదుబత్తి వెలిగిస్తావు కదా నాయుడూ. వంకరగా గుచ్చుతావా?"

గుచ్చను. నాకూ చేతకాని నిష్ఠ అది. కాని నా ఊదుబత్తి కోసం ఎవరి చేనూ కోయలేదు కదా అని ఇంటికెళ్ళాక తోచింది.

ఈలోగా గాలి మారిందని ఓ కవల, ఎండ మారిందని ఓ కవల, తేమ మారిందని ఓ కవల నిర్ధారణ పేరుతో కాలిపోతున్నాయి. ఆఖరికి ఒకనాడు చిదంబరరావుగారే రాజుగార్ని ఆపేశారు.

"ఇప్పుడు కాల్చరాదు. ఒకదానిని కాల్చిన మిగతావి చెదిరిపోవును. ఇన్ని రోజుల శిక్షణ వృథా యగును. పైగా మిషన్ ఇంతవరకు పంది మీద ఒక్క గురియైనను తప్పలేదు. నూటికి నూరు శాతము. దానిని ఒక పందికోసము పణముగా పెట్టలేను."

అలా కాల్చకుండానే కచ్చితత్వం నిలిచింది. పైడమ్మ చేను మాత్రం గంప తర్వాత గంపగా బంగళాకి నడిచిపోయింది. చేనంతా చొప్ప మిగిలింది. ఆశ్చర్యమేమిటంటే ఊళ్ళో మిగతా చేలల్లో ఈ ఏడు ఒక్క పొత్తు పోలేదు. సర్కారు వడ్డన వదులుకుని రైతు చేనుకి ఏ పంది వస్తుంది? జనం పైడమ్మని చూసి జాలిపడుతూనే, చాటున మిషన్‌కి దణ్ణం పెట్టుకున్నారు.

నష్టపరిహారం మాట నేను అడిగాను. చిదంబరరావుగారు చేనంతా తిరిగి చూశారు. "ఒక్క పంది అడుగుజాడ కూడ లేదు. సంపూర్ణ రక్షణ!" అన్నారు. నష్టం లేనిచోట పరిహారం ఉండదు కదా. పైగా పైడమ్మని ఆదర్శ రైతుగా ఎంపిక చేశారు.

ఆ మాట చెప్పబోతే పైడమ్మ వినిపించుకోలేదు. రొయ్యల కంపెనీ మేస్త్రీతో మాట్లాడి వచ్చిందట. సోమవారం నుంచి రమ్మన్నాడట. ఆ రాత్రి దీపం దగ్గర కూర్చుంటే నాకు మంత్రం నోటికి రాలేదు. ఆమె చేత కొడవలి దింపించింది నేను.

సన్మానం ఆదివారం పెట్టారు. బంగళా ముందు వేదిక, బెలూన్లు, రాజధాని నుంచి రావలసిన పెద్ద అధికారి. వేదికకి రెండువైపులా కట్టడానికి పొత్తులు కావాలని, పైడమ్మ చేలో సందుల్లో మిగిలిన ఆఖరి గుత్తులు కూడా విరిచి తెచ్చేశారు. తొట్టిలోకి ఏమీ మిగల్లేదు. ఆ రోజు తొట్టి సంగతి ఎవరికీ గుర్తు లేదు కూడా.

సభ పదింటికి. పెద్ద అధికారి వచ్చేసరికి మూడు దాటింది. దీపం వెలిగించి, ఉపన్యాసాలు అయ్యి, పైడమ్మకి శాలువా కప్పేసరికి నాలుగు. చేతిలో ఒక జ్ఞాపిక పెట్టారు. బరువైన టేకు చెక్క, దాని మీద అద్దం, అద్దం లోపల ఎర్ర మఖమలు మీద ఒక తూటా.

"ఇది మిషన్ యొక్క అత్యంత కచ్చితమైన తూటా" అన్నారు చిదంబరరావుగారు మైకులో. "దీని కవలను కాల్చి నిర్ధారించడమైనది. రాజుగారు కూర్చినవాటిలో మిగిలినది ఇదొక్కటే!"

సరిగ్గా అప్పుడు బంగళా వెనక నుంచి పందులు వచ్చాయి. నాలుగింటికి వచ్చి, వరసలో నిలబడి, తొట్టి ఖాళీగా ఉంటే ఎంతసేపని చూస్తాయి? పెద్ద పంది ముందు, గుంపు వెనక, ఏమీ బెరుకు లేకుండా సభలోకి నడిచాయి. ముందు వరసలో ఉన్న మా ఊరి మునసబుగారి అబ్బాయి కుర్చీ ఎక్కాడు. పెద్ద అధికారి చిదంబరరావుగారి వెనక్కి వెళ్ళారు. చిదంబరరావుగారు మైకు వెనక్కి వెళ్ళారు. పెద్ద పంది వేదిక పక్కకి వచ్చి, పొత్తుల గుత్తి కింద, పక్కకు తిరిగి, తలెత్తి నిలబడింది. పెయింటరు వేసిన బొమ్మ కూడా అంత బాగా లేదు.

"రాజుగారూ!" అని అరిచారు చిదంబరరావుగారు. "సదరు పంది! నిర్ణీత భంగిమ! కాల్చండి!"

రాజుగారి చేతిలో రైఫిలు ఉంది.

"ఎలా కాల్చేదండీ? తూటా ఫ్రేములో ఉంది!"

అందరూ పైడమ్మ చేతిలో జ్ఞాపిక వైపు చూశారు. పంది పొత్తుల గుత్తి మీద నోరు వేసింది. అది పైడమ్మ చేనులో ఆఖరి గుత్తి.

పైడమ్మ శాలువా నడుముకి బిగించింది. జ్ఞాపిక రెండు చేతులా ఎత్తి విసిరింది. అది తిరుగుతూ పోయి పంది ముట్టె మీద ఠప్పున తగిలింది. అద్దం భళ్ళుమంది. పంది ఒక కేక పెట్టి వెనక్కి తిరిగి పరుగెత్తింది. దాని వెనక గుంపంతా ధూళి రేపుకుంటూ కొండెక్కిపోయింది.

ముందు తేరుకున్నది చిదంబరరావుగారు.

"దూరము కొలవండి" అన్నారు.

రాజుగారు నేల మీద మోకరిల్లి, తూటాని రుమాలుతో తుడిచి జేబులో వేసుకున్నారు. తర్వాత లేచి పైడమ్మ దగ్గరికి వచ్చారు. ఆయన ముఖంలో నిజమైన భక్తి ఉంది.

"అమ్మా, గురి ఎలా పెట్టావు?"

"గురేటండి బాబూ. కోపమొచ్చింది. ఇసిరీసినాను."

ఆయన ఆలోచనలో పడ్డారు. తూచి కూర్చే మనిషి కదా.

"ఆ కోపం ప్రతిసారీ ఒకే కొలతలో వస్తుందా?"

"మీరు కళ్ళెదుట అవుపిస్తే సాలు బాబూ" అంది పైడమ్మ. "ఇసుమంత తగ్గదు."

ఇంటికి నడుస్తున్నాం. పైడమ్మ ముందు, నేను వెనక. నేను మనసులో సోమవారం బస్సు గురించి ఆలోచిస్తున్నాను. చేను దాటుతుంటే ఆమె ఆగి, చొప్ప ఒకటి పీకి వేరు చూసింది. మట్టి దులిపింది. పొలాన్ని ఒక తిట్టు తిట్టింది.

"అన్నియ్యా, రబీకి మొక్కజొన్న ఇత్తనాలు దొరుకుతాయేటి?"

"దొరుకుతాయమ్మా. కాని పందులో?"

"రానీ. రెండేళ్ళు సూసేను గదా. అవి సగమైనా ఒగ్గీసెల్తాయి." నాలుగడుగులు నడిచి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఆ మిషనోళ్ళు అడిగితే మట్టుకు, మా సెల్లి పొలం బీడెట్టీసిందని సెప్పు."

అబద్ధం ఆడడం పాపమే. ఆచారిగారిని అడగకుండానే ఒప్పుకున్నాను.